మిలిటరీ సార్‌కి మైకు ఇవ్వకండి

ఆగస్టు, జనవరి నెలలు దగ్గర పడుతున్నాయంటే మా పెద్దబాపుకు, అంటే మా నాన్న అన్నకు, ఫోన్లు మొదలవుతాయి. "సార్, మెడల్స్ పెట్టుకొని రండి, జెండా మీరే ఎగరెయ్యాలి, పిల్లలకు డిసిప్లిన్ గురించి ఓ పది నిమిషాలు మాట్లాడాలి" అని ఏదో ఒక స్కూలు వాళ్ళు అడుగుతారు. డిసెంబర్ వచ్చిందంటే చర్చిల వంతు. "అన్నా, యుద్ధంలో దేవుడు మిమ్మల్ని ఎట్ల కాపాడిండో సాక్ష్యం చెప్పాలె" అంటారు. అందరికీ ఆయన చెప్పేది ఒకటే: "పనేదన్న ఉంటే చెప్పుండ్రి, వస్త. మైకు మాత్రం నాకియ్యకుండ్రి."

విన్నవాళ్ళు ఎంత వినయమో అనుకుంటారు. ఆయనతో నాలుగు రోజులు ఉన్నవాళ్ళకు తెలుసు, అది ఒట్టి మొండితనం. ఆ మొండితనంలో న్యాయం ఉందని చెప్పడానికే ఇది రాస్తున్నాను. సైనికుడు ఊరికి తిరిగొస్తే మనం ఆయన్ని కథ అడుగుతాం. స్కూలుకు ఒక రకం కథ కావాలి, చర్చికి ఇంకో రకం, ఎన్నికలప్పుడు స్టేజీ మీదికి పిలిచేవాళ్ళకు మరో రకం. చెప్పించుకొని, శాలువా కప్పి, ఫొటో దిగి పంపిస్తాం. పదిహేడేళ్ళు సర్కారు డబ్బు పెట్టి ఆ మనిషికి నేర్పిన విద్య ఏదైనా ఉందా, అది మన పిల్లలకు పనికొస్తుందా అని అడిగినవాణ్ణి నేనైతే చూడలేదు.

మాది మానుకోట, డోర్నకల్ మధ్య ఒక ఊరు. ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా అంటున్నాం గానీ 2016 దాకా వరంగల్ జిల్లానే. ఆ పక్క మాల, మాదిగ ఇళ్ళల్లో చాలామందికి చదువు మొదట దొరికింది చర్చి దగ్గరే. 1912లో వి.ఎస్. అజరయ్యకు బిషప్‌గా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ ఆయనే. డోర్నకల్‌లో కూర్చొని ఆయన చేసిన పెద్ద పని, పల్లెపల్లెకూ ఒక ఉపదేశిని పంపడం. ఆ ఉపదేశి వారమంతా పంతులు, ఆదివారం ప్రసంగీకుడు. పగలంతా దొర పొలంలో పనిచేసి వచ్చినవాళ్ళకు రాత్రి లాంతరు పెట్టి అక్షరాలు దిద్దించేవాడు. చాలా చోట్ల ఆయన భార్య కూడా ఆడవాళ్ళకు చదువు చెప్పేది. డోర్నకల్‌లో 1939లో ప్రతిష్ఠ చేసిన కెథడ్రల్ చూడటానికి అందరూ వెళ్తారు. హిందూ గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ కలగలిసిన కట్టడం అది, చూడాల్సిందే. నన్నడిగితే మాత్రం అజరయ్య కట్టినవాటిలో గొప్పవి ఆ పేరులేని గడ్డి పాకల బడులే. మా తాత పలక పట్టింది అలాంటి ఒక పాకలోనే.

కాబట్టి ఒక మనిషి టీచరూ అవడం, చర్చి పనీ చేయడం మా ఊరికి వింత కాదు. మిలిటరీకి పోవడమే వింత. పశ్చిమ గోదావరిలో ఊరి పేరే మిలిటరీ మాధవరం అయ్యేంతమంది సైన్యంలో చేరారు. మా దగ్గర అట్లాంటి ఊరు లేదు. మా పెద్దబాపు 1979లో ఎనిమిదో తరగతి సర్టిఫికెట్ పట్టుకొని సికింద్రాబాద్ పోయి సెలెక్ట్ అయ్యాడు. దేశభక్తి అనుకునేరు. "మూడు పూటల తిండి పెడ్తరని పోయిన బిడ్డా" అని ఆయనే చెప్తాడు. బెంగళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్. ఆ రెజిమెంట్ జవాన్లను సైన్యమంతా తంబీ అని పిలుస్తుంది. వంతెనలు కట్టడం, రోడ్లు వేయడం, మందుపాతరలు పెట్టడం, తీయడం వాళ్ళ పని.

ఆయన అసలు చదువు అక్కడే సాగింది. సైన్యంలో 1921 నుంచి ఎడ్యుకేషన్ కోర్ అని ఒక విభాగం ఉంది, జవాన్లకు చదువు చెప్పడమే దాని పని. ప్రమోషన్ కావాలంటే ఆ పరీక్షలు పాస్ కావాలి, మ్యాప్ చదవడం రావాలి. హవల్దార్ హోదాలో ఉన్న మాస్టారు తుపాకీ పట్టిన చేతులకు పెన్సిల్ ఇచ్చి కూర్చోబెడతాడు. పరేడ్ నేర్పినా, ఆయుధం నేర్పినా, నేర్పేవాణ్ణి ఉస్తాద్ అంటారు. ఉస్తాద్ ముందు చెప్తాడు, తర్వాత చేసి చూపిస్తాడు, తర్వాత నీతో చేయిస్తాడు, ఆఖర్న ప్రశ్నలడుగుతాడు. ఒక రంగ్‌రూట్‌కు, అంటే కొత్తగా చేరినవాడికి, రాలేదంటే మళ్ళీ మొదటి నుంచి. ఇది ఎవరి మంచితనం వల్లో జరిగేది కాదు. అక్కడ ఒకడికి రాకపోతే పక్కవాడు చస్తాడు.

ఇక యుద్ధం సంగతి. అడిగేవాళ్ళ మనసులో ఎప్పుడూ కార్గిల్ ఉంటుంది. లేకపోతే 1971. పెద్దబాపు చూసింది శ్రీలంక. ఆ మాట చెప్పగానే ఎదుటివాళ్ళ ముఖంలో ఉత్సాహం సగం తగ్గిపోవడం నేను చాలాసార్లు గమనించాను. 1987 జూలై 29న కొలంబోలో ఒప్పందం మీద సంతకాలయ్యాయి, మర్నాటి నుంచే మన సైన్యం జాఫ్నాలో దిగింది. ముందు వెళ్ళింది మన సికింద్రాబాద్‌లో ఉండే 54వ పదాతి డివిజన్. శాంతి కాపాడటానికని వెళ్ళారు. అక్టోబర్ కల్లా తమిళ టైగర్లతోనే (ఎల్‌టీటీఈ) యుద్ధం మొదలైంది. 1990 మార్చి 24న ఆఖరి దళం ఓడెక్కేసరికి మనవాళ్ళు దాదాపు 1,200 మంది చనిపోయారు. తిరిగొచ్చిన దళాలకు స్వాగతం చెప్పడానికి అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి వెళ్ళనని చెప్పేశాడు. రాజకీయంగా ఆయన కారణాలు ఆయనకున్నాయి, అక్కడ మన సైన్యం చేతుల్లో చనిపోయిన తమిళ జనం సంగతీ ఉంది. ఓడామని ఒప్పుకోం, గెలిచామని చెప్పుకోలేం. అట్లాంటి యుద్ధం గురించి జెండా పండుగ నాడు ఎనిమిదేళ్ళ పిల్లలకు పది నిమిషాల్లో ఏం చెప్తారు?

జాఫ్నాలో ఆయన పని రోడ్డు వెతకడం. టైగర్లు దారులన్నీ మందుపాతరలతో నింపారు. బోర్లా పడుకొని, చేతిలో సన్నటి ఊచ పట్టుకొని, మట్టిలోకి ముప్పై డిగ్రీల ఏటవాలుగా మెల్లగా గుచ్చుతూ పోవాలి. నిలువుగా గుచ్చితే పాతర నెత్తిన తగులుతుంది. ఏటవాలుగా పోతే పక్కన తగులుతుంది, బతుకుతావు. కాసేపటికి మనిషిని మార్చేస్తారు, ఎందుకంటే ఎంత మొనగాడికైనా దృష్టి చెదురుతుంది. ఈ వివరాలు కూడా ఆయన తనంతట తాను చెప్పినవి కావు. నేను ఇంటర్లో ఉన్నప్పుడు కోణాలు అర్థం కాక ఏడుస్తుంటే, ముప్పై డిగ్రీలంటే ఎంతో పుల్లతో చూపిస్తూ చెప్పాడు.

అక్కడిదే ఇంకో సంగతి. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం 1947 సెప్టెంబర్ 27న ఏర్పడినప్పుడు జాఫ్నా కూడా ఒక డయోసిస్‌గా, అంటే ఒక బిషప్ కింది ప్రాంతంగా, అందులో చేరింది. దేశం వేరు, సముద్రం అడ్డం, అయినా డోర్నకల్, జాఫ్నా ఒకే సంఘం. ఇది మావాళ్ళల్లోనే చాలామందికి తెలియదు. పెద్దబాపుకూ తెలియదు, ఒక చర్చి కాంపౌండ్ గేటు మీద బోర్డు చూసేదాకా. లోపల స్కూలు గదుల్లో బెంచీలన్నీ గోడవారకు జరిపి, ఇళ్ళు వదిలి వచ్చిన జనం చాపలు పరుచుకొని ఉన్నారు. గేటు దగ్గర ఒక ముసలాయన. బ్యారక్‌లో నేర్చుకున్న తమిళంలో, నేను కూడా సీఎస్ఐ వాణ్ణే, లోపలికొచ్చి ప్రార్థన చేసుకోవచ్చా అని పెద్దబాపు అడిగాడు. ముసలాయన రైఫిల్ వంక చూసి, దాన్ని బయట పెట్టి రమ్మన్నాడు. ఆయుధం వదిలిపెట్టడం సైన్యంలో నేరం. పెద్దబాపు వెనక్కి తిరిగాడు. జరిగింది అంతే.

ఇక్కడి నుంచి ఒక చక్కని కథ అల్లుకోవచ్చు. ఆ రోజు ఆయన మనసు మారింది, తుపాకీ వదిలి బలపం పట్టాలని అప్పుడే నిర్ణయించుకున్నాడు అని. మా పెద్దమ్మ ఒకసారి బంధువుల ముందు ఇట్లాగే చెప్పబోతే ఆయన మధ్యలోనే ఆపేశాడు. "ఆ దినం నాకు యాదికున్నది కాళ్ళనొప్పే" అన్నాడు. ఆ తర్వాత కూడా ఆరేళ్ళకు పైగా సర్వీసు చేశాడు, పెన్షన్ అర్హత వచ్చాకే వచ్చాడు. టీచర్ ఎందుకయ్యాడంటే, అప్పుడు దొరికిన పని అది.

సాక్ష్యం చెప్పననడానికి కారణం మాత్రం ఒక్కసారి గట్టిగా చెప్పాడు, పాస్టర్ అయ్యగారితో, నా ముందే. "నా పక్కపొంటి పాకినోడు పొయ్యిండు అయ్యగారూ. నన్ను దేవుడు కాపాడిండు అని నేనంటె, వాన్ని దేవుడు ఇడిసిపెట్టిండు అన్నట్టే గద. వాళ్ళమ్మ ముంగట నేనా మాట అనగల్గుతనా?" అయ్యగారు మంచివాడు, మళ్ళీ అడగలేదు. నేను చిన్నప్పటి నుంచి విన్న సాక్ష్యాలన్నీ యాక్సిడెంట్ నుంచి, క్యాన్సర్ నుంచి, కరోనా నుంచి బతికి బయటపడ్డవాళ్ళవే. ఆ పక్క బెంచీలోనే భర్తను పోగొట్టుకున్న ఆమె కూడా కూర్చొని ఉంటుంది, స్తోత్రం అని అందరితో పాటు చేయెత్తుతుంది. మన చర్చిలు దీని గురించి ఆలోచించాలి.

1996లో ఇంటికొచ్చాడు. మానుకోట చుట్టుపక్కల అప్పుడు ఎట్లా ఉండేదో ఆ కాలం వాళ్ళకు చెప్పక్కర్లేదు. పీపుల్స్‌వార్‌ను 1992లో నిషేధించారు, ఊళ్ళల్లో అన్నలూ ఉన్నారు, పోలీసులూ ఉన్నారు, రెండు వైపులా మందుపాతరల మాటే. అట్లాంటి చోటికి పాతరలు పెట్టడం, తీయడం రెండూ వచ్చిన మనిషి దిగాడు. మా నాన్న చెప్పేవాడు, పెద్దబాపు వచ్చిన కొన్నాళ్ళకే అటు నుంచి కబురొచ్చింది, ఇటు స్టేషన్ నుంచి పిలుపొచ్చింది. ఒకరు నేర్పమన్నారు, ఒకరు ఎవరికీ నేర్పట్లేదు కదా అని అడిగారు. నల్ల ట్రంకు పెట్టె తీసుకొని, పెద్దమ్మనూ పిల్లల్నీ ఎక్కించుకొని ప్యాసింజర్‌లో కాజీపేట వచ్చేశాడు. ఆ పెట్టె మీద తెల్ల రంగుతో రాసిన నంబరు ఇప్పటికీ ఉంది, అందులో చర్చి లెక్కల పుస్తకాలు పెడతాడు.

ఇంటర్ లేకున్నా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో ఉండేది. దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అది, 1982లో పెట్టారు. నలభై దగ్గర పడుతుండగా బీఏ, తర్వాత బీఈడీ. సర్కారు ఉద్యోగానికి వయసూ కలిసిరాలేదు, కులమూ కలిసిరాలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాడు. మన దగ్గర బీసీ-సీ అని ఒక్క శాతం కోటాలో పడతాడు. చర్చికి పోతూ కాగితాల్లో హిందువు అని రాయించుకున్నవాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు, వాళ్ళను తప్పుపట్టను. ఈయన సైన్యంలో చేరినప్పుడే క్రైస్తవుడని రాయించుకున్నాడు, దాన్ని మార్చలేదు. డీపీఈపీ (జిల్లా ప్రాథమిక విద్యా పథకం) కాలంలో కొన్నాళ్ళు విద్యా వాలంటీర్‌గా చేసి, చివరికి ఒక మిషన్ బడిలో కుదిరాడు. అక్కడి జీతం ఆయన పెన్షన్ కన్నా తక్కువ. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

మధ్యలో ఒక ప్రైవేట్ స్కూలు ఆయన్ని పిలిచి మరీ ఉద్యోగం ఇచ్చింది. పేరెందుకు, హన్మకొండలో అట్లాంటివి వీధికొకటి. పోస్టు పేరు డిసిప్లిన్ ఇన్‌ఛార్జి. లెక్కలు చెప్పడానికి బీఈడీ చేసిన మనిషికి ఒక విజిల్, ఒక బెత్తం, చిన్న కత్తెర ఇచ్చారు. లేటుగా వచ్చినవాళ్ళను గేటు దగ్గర మోకాళ్ళ మీద నిలబెట్టాలి, జుట్టు పెరిగిన పిల్లల క్రాఫు అక్కడికక్కడే కత్తిరించాలి. మిలిటరీ ఆయన కదా, బాగా చేస్తాడనుకున్నారు. నెల తిరగకముందే కత్తెర ఆఫీసు టేబుల్ మీద పెట్టి వచ్చేశాడు. "ఆర్మీల రగడా, అంటె ఒళ్ళు హూనమయ్యే శిక్ష, ఉంటది, నేను తిన్న, నేను పెట్టిన, లేదనను. కని ఆళ్ళు వయసొచ్చి, సంతకం పెట్టి వచ్చినోళ్ళు. ఏడో తరగతి పోరగాడు రంగ్‌రూటా?" ఇది 2009 నాటి విద్యాహక్కు చట్టం రాకముందు మాట. పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం నిషేధమని ఆ చట్టం 17వ సెక్షన్ చెప్తుంది. 2010 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. బెత్తాలు ఎన్ని బడుల్లో మాయమయ్యాయో తల్లిదండ్రులకు తెలుసు.

సైన్యం అంటే భయపెట్టడమని మనం అనుకోబట్టే, భయపెట్టే పని కోసం మాజీ సైనికుణ్ణి పెట్టుకుంటాం. గేటు దగ్గర, హాస్టల్ ఫ్లోర్ దగ్గర, ఏటీఎం ముందర. ఆయన క్లాసులో కూర్చున్నవాళ్ళకు కనిపించేది ఇంకో సైన్యం.

రిటైరయ్యాక చర్చి హాల్లో సాయంత్రం క్లాసు నడుపుతున్నాడు. ఫీజు లేదు. ఒకసారి చర్చి వెనక మరుగుదొడ్లు కట్టాల్సి వచ్చింది. ముగ్గు పోయడానికి మేస్త్రీ వచ్చేలోపు పెద్దబాపు ఒక నైలాన్ తాడు తీసి, సమానంగా పన్నెండు భాగాలు వచ్చేట్టు ముడులు వేయించాడు. మూడు భాగాలు ఒక పిల్ల, నాలుగు భాగాలు ఒక పిల్లాడు, మిగిలిన ఐదు ఇంకొకడు. బిగించి లాగండన్నాడు. మేకులు కొట్టించాడు. అంతలో మేస్త్రీ వచ్చి, ఎవరు పెట్టిన్రు ఇది అని గొణుక్కుంటూ మూలమట్టం పెట్టి చూశాడు. మూల సరిగ్గా ఉంది. మేస్త్రీ ఇంకోసారి చూశాడు. అప్పటిదాకా చేతిలో మేకు పట్టుకున్న ఆరో తరగతి పిల్ల, తాడు నాలుగు, ఐదు, ఆరు వేస్తే కూడా వస్తుందా సార్ అని అడిగింది. "ఏసి చూడు" అన్నాడు. రాలేదు. మూల మూసుకుపోయింది. ఎందుకు రాలేదో వారం పాటు వాళ్ళే కొట్టుకున్నారు. పైథాగరస్ అనే పేరు ఆయన నోట్లోంచి వచ్చింది ఆ వారం చివర్లో.

ఇంకొక పిల్లాడు, పదమూడేళ్ళు. అక్షరాలు వచ్చు, గుణింతాలు వచ్చు, ఒత్తు వస్తే నోరు ఆగిపోతుంది. బడిలో వాడు మూగవాడిలా వెనక బెంచీలో కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు. పెద్దబాపు వాణ్ణి పుస్తకం ముందు కూర్చోబెట్టలేదు. హన్మకొండ బస్టాండుకు తీసుకుపోయి బస్సుల బోర్డులు చదివించాడు. పరకాల, ములుగు, నర్సంపేట, తొర్రూరు. తొర్రూరు దగ్గర వాడు ఆగాడు. బస్సు కదిలిపోయింది. "ఇంకోటి వస్తది, కూసో" అన్నాడు. అంతే. పావుగంటకో అరగంటకో ఇంకో తొర్రూరు బస్సు వచ్చింది. ఇట్లా ఎన్ని సాయంత్రాలో నాకు లెక్క తెలియదు, ఒక్కసారే నేను వెంట ఉన్నాను. విసుగు పుట్టి ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను. ఆయనకు విసుగు రాలేదు.

క్లాసులో ఒకే పని అరగంట దాటనీయడు. లెక్కలైతే లెక్కలు, టైమ్ కాగానే లేచి బయట తిరగాల్సిందే. ఇది ఏ బీఈడీ పుస్తకంలోదని నేనడిగితే నవ్వాడు. పాతరలు వెతికేవాణ్ణి ఎందుకు మారుస్తారో నాకు అంతకుముందే చెప్పాడు కదా. రానివాణ్ణి వదిలేసి పోకపోవడం, చెప్పి ఊరుకోక చేసి చూపించడం, దృష్టి చెదిరేలోపు ఆపడం. సైన్యం ఆయనకు నేర్పిన విద్య ఇది. ఏ జెండా పండుగ ప్రసంగంలోనూ ఇమడదు.

చర్చిలో ఆయన పని గురించి చెప్పడానికి పెద్దగా లేదు, ఎందుకంటే అదంతా కుర్చీలు వేసే పని. షామియానా, మంచినీళ్ళు, పంటల పండుగ వేలం లెక్కలు, ఎవరైనా చనిపోతే సమాధుల తోటలో గుంత తవ్వించడం. వానాకాలంలో గుంత అంచులు కూలిపోకుండా చెక్కలు ఎట్లా అడ్డం పెట్టాలో కుర్రాళ్ళకు చూపిస్తాడు, అది కూడా కందకాలు తవ్విన విద్యే. ఆడవాళ్ళు ఇంట్లో వండేటప్పుడు తీసిపెట్టే పిడికెడు బియ్యం ఆదివారం చర్చికి వస్తాయి, డోర్నకల్ కాలం నుంచి ఉన్న అలవాటు. అందులో కొంత సాయంత్రం పిల్లలకు వండిపెట్టేందుకు పెద్దల కమిటీతో పోట్లాడి ఒప్పించింది ఈయనే. క్లాసుకు అన్ని కులాల పిల్లలు, అన్ని మతాల పిల్లలు వస్తారు. మతం మారుస్తున్నారేమోనని బయట కొందరికి అనుమానం, క్లాసు మొదట్లో ప్రార్థన ఎందుకు పెట్టవని లోపల కొందరికి కోపం. రెండో వాళ్ళకు ఆయన చెప్పే జవాబు, ఆదివారం రండి, పొద్దంతా చేసుకుందాం అని.

ఆయన చెప్పే ప్రతిదానికీ నేను తలూపుతానని అనుకోకండి. ఒక క్రైస్తవ లెఫ్టినెంట్, రెజిమెంట్ అంతా కలిసి గుడికి పోయే మతపరేడ్‌లో గర్భగుడి లోపలికి రానన్నందుకు 2021లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఢిల్లీ హైకోర్టు ఆ తొలగింపు సరైనదే అంది, 2025 నవంబర్‌లో సుప్రీంకోర్టూ జోక్యం చేసుకోలేదు. మా చర్చి వాట్సాప్ గ్రూపంతా అట్టుడికిపోయింది. పెద్దబాపు మాత్రం ఆఫీసరుదే తప్పన్నాడు. "మందిర్ పరేడ్‌ల నేను నిలబడ్డ. బూట్లిడిసి, చేతులు కట్టుకొని. నా ప్రార్థన నాది. జవాన్లు లోపలున్నంక ఆఫీసర్ గడప బయట నిలబడుతడా?" నేను ఒప్పుకోలేదు. గడప దగ్గరి దాకా వచ్చి గౌరవంగా నిలబడ్డ మనిషిని, లోపలికి రాలేదని తీసేసే సైన్యం, తన జవాన్లను తక్కువ అంచనా వేస్తున్నట్టే. మతస్వేచ్ఛ ఇచ్చే రాజ్యాంగం 25వ అధికరణం యూనిఫాం వేసుకోగానే ఆవిరైపోతుందా? ఆ రాత్రి అన్నాల దగ్గర మా ఇద్దరికీ పెద్ద గొడవే అయింది, పెద్దమ్మ తిట్టి లేపేదాకా.

ఇప్పుడు పెన్షన్ సంగతికి వస్తాను. పెద్దబాపు తక్కువ జీతానికి మిషన్ బడిలో చెప్పగలిగాడు, కత్తెర టేబుల్ మీద పెట్టి బయటికి రాగలిగాడు, ఇప్పుడు ఫీజు లేకుండా చెప్తున్నాడు. ఆయన మంచివాడు కాబట్టే అంటే సగమే నిజం. నెలనెలా బ్యాంకులో పడే సిపాయి పెన్షన్ మిగతా సగం. సేవ, త్యాగం అని మనం పొగిడే వాటి వెనక చాలాసార్లు ఒక చిన్న స్థిరమైన ఆదాయం ఉంటుంది. జవానుకు పెన్షన్ రావాలంటే పదిహేనేళ్ళు చేయాలి. 2022 జూన్‌లో జవాన్లను తీసుకునే కొత్త పథకం అగ్నిపథ్ ప్రకటించారు. నాలుగేళ్ళు, ఆ తర్వాత నూటికి ఇరవై ఐదు మందిని మించి ఉంచుకోరు. మిగతావాళ్ళకు సేవానిధి కింద దాదాపు 11.71 లక్షలు చేతిలో పెట్టి పంపిస్తారు. పెన్షన్ లేదు. ప్రకటన వచ్చిన మూడో రోజు, జూన్ 17న, సికింద్రాబాద్ స్టేషన్‌లో జరిగిన కాల్పుల్లో చనిపోయిన కుర్రాడు వరంగల్ జిల్లా వాడే. సైన్యంలో చేరాలని ఏళ్ళ తరబడి పొద్దున్నే పరుగెత్తినవాడు.

హన్మకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు తెల్లవారకముందే పోయి చూడండి, ఇప్పటికీ పరుగెత్తుతూనే ఉంటారు. 1600 మీటర్లు ఐదున్నర నిమిషాల్లో అందుకుంటే పూర్తి మార్కులు. 2023 నుంచి ముందు ఆన్‌లైన్ రాతపరీక్ష, అది పాసయ్యాకే పరుగు. అందుకే కొందరు సాయంత్రం లెక్కల కోసం పెద్దబాపు దగ్గరికి వస్తారు. 2023 జనవరిలో శిక్షణ మొదలుపెట్టిన మొదటి బ్యాచ్‌కు 2026 చివరికల్లా నాలుగేళ్ళు నిండుతాయి. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ కుర్రాళ్ళు పెద్ద సంఖ్యలో ఊళ్ళకు వస్తారు. వాళ్ళ కోసం ప్రకటించిన కోటాలు చూడండి, సరిహద్దు దళాలు, పారిశ్రామిక భద్రత, పోలీసు. ఎక్కువగా మళ్ళీ కాపలా పనులే. ప్రైవేట్ వాళ్ళు ఇచ్చేవి ఎట్లా ఉంటాయో చెప్పక్కర్లేదు, విజిలూ కత్తెరా రెడీగా ఉంటాయి. వరంగల్‌కు సైనిక్ స్కూల్ కావాలని ఎన్నాళ్ళ నుంచో అడుగుతున్నాం. అది మంచిదే, కానీ సైన్యానికి పిల్లల్ని పంపే బడి గురించి అంత ఆలోచించే మనం, సైన్యం నుంచి వచ్చినవాళ్ళను బడికి పంపడం గురించి ఒక్క మాటా ఎందుకు మాట్లాడం?

నా ప్రతిపాదన ఇది. వచ్చినవాళ్ళలో ఇష్టమున్నవాళ్ళను ఒక ఏడాది సర్కారు బడిలో టీచర్‌కు సహాయకుడిగా పెట్టాలి. పీఈటీగా కాదు, వెనకబడ్డ పిల్లలకు చదువూ లెక్కలూ చెప్పడానికి. ఆ ఏడాది పనిచూసి, నచ్చితే బీఈడీ సీటు ఇప్పించి, అప్పటిదాకా నెలకింత అని బతకడానికి సరిపోయే డబ్బు ఇవ్వాలి.

పెద్దబాపు ఇది విని పెదవి విరిచాడు. "బార్డర్ల ఉన్నోడు బడిల పనికొస్తడని నీకెవరు చెప్పిన్రు? నాతోని వచ్చినోళ్ళల్ల సగం మందికి సొంత పిల్లల ముంగట నిలబడే ఓపిక లేదు. అందరిలెక్క డీఎస్సీ రాయమను." అందుకే కదా ఏడాది పరీక్ష పెట్టమంటున్నాను అన్నాను. "ఆ ఏడాది జీతం ఎవడిస్తడు? నన్ను వాలంటీర్‌గ పెట్టుకున్నప్పుడు నెలల తరబడి రాలే." ఇక్కడ ఆయన చెప్పిందే నిజం, డబ్బు సంగతి తేలకుండా మిగతాదంతా గాలి మాట. జీతం సమయానికి పడే ఏర్పాటు లేకపోతే ఈ పథకం పెట్టకపోవడమే మేలు. ఓపిక విషయంలో మాత్రం నేను వెనక్కి తగ్గను. ఆయనకు ఓపిక ఉందని ఆయన్ని క్లాసులో నిలబెట్టాకే కదా తెలిసింది, గేటు దగ్గర నిలబెట్టినన్నాళ్ళూ ఎవరికి తెలిసింది?

ఆర్మీ భర్తీ ర్యాలీలో సెలెక్ట్ కాని ఇద్దరు కుర్రాళ్ళు చర్చి హాల్లో ఆయనకు సాయంగా లెక్కలు చెప్పేవాళ్ళు. ఇద్దరూ బాగానే చెప్పేవాళ్ళు. ఒకడు పోయిన ఏడాది హైదరాబాద్‌లో డెలివరీ పనికి వెళ్ళిపోయాడు. రెండోవాడు ఉన్నాడు, పగలు డీఎస్సీకి చదువుకుంటాడు, సాయంత్రం క్లాసు మానడు. వాళ్ళ నాన్నకు రైల్వే పెన్షన్ వస్తుంది.